ఎవరూ తల పెట్టని తలగడ

మావగారి మీద సుయూన్‌కి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన నిద్రపోతూ పనిచేస్తాడు. పనిచేస్తూ నిద్రపోయేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, కేకేస్తే లేస్తారు కూడా. మావగారు ముసలి గెంగ్‌ని లేపితే మాత్రం "పని చెడగొట్టకమ్మాయ్" అని అటు తిరిగి పడుకుంటాడు. సరుకు కాల్చే ఆవంలోంచి దిగిన ప్రతి పింగాణీ తలగడనీ తన తల కింద పెట్టుకుని చూస్తేగాని అమ్మకానికి వదలడు. గురక వస్తే సరుకు మంచిది. రాకపోతే భోజనం చేసి మళ్ళీ చూస్తాడు. కొనడానికి వచ్చినవాళ్ళు "రాయిలా ఉంది, మెడ పట్టేయదు కదా" అని నసిగితే అత్తగారు మాట్లాడదు. అరుగు మీద నోరు తెరుచుకుని ఉన్న మొగుణ్ణి చూపిస్తుంది.

ఒకప్పుడు ఇంట్లో కుంచె ఆయనదే. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయన ఆఖరిసారి వేసిన పియనీ పువ్వు అచ్చం క్యాబేజీలా వచ్చింది. పియనీ అంటే సిరి. కొన్నాయన మాత్రం అది క్యాబేజీయే అనుకుని, ఇంట్లో కూరకి లోటుండదని మురిసిపోతూ పట్టుకుపోయాడు. ఆ సాయంత్రమే మావగారు కుంచెని కోడలి చేతిలో పెట్టి, తను నిద్ర శాఖకి మారిపోయాడు.

అలాంటి మనిషి ముట్టుకోడానికి వీల్లేని తలగడ ఒక్కటుంది. అది ఆయన కొడుకు, సుయూన్ మొగుడు యాన్‌షౌ సమాధిలోకి వెళ్ళాల్సింది. మట్టిలోకి వెళ్ళే తలగడ మీద బతికున్నవాళ్ళ తల ఆనకూడదు.

పోయినవారం మనం ఆవం తలుపు దగ్గర ఆగాం. ఇటుకలు తీశారు, వేడి చల్లారింది, తలగడని పెట్టి కాల్చే మట్టిపెట్టె మూత లేచింది, లోపల ముక్కలు. ఆ తలగడ పగలడం అది మూడోసారి. వెనకటి సంగతి మరిచిపోయినవాళ్ళ కోసం రెండు మాటలు. ఉత్తర కనుమలో కోటగోడకి రాళ్ళు మోయడానికి రాజభటులు యాన్‌షౌని పట్టుకుపోయి మూడేళ్ళు నిండుతున్నాయి. ఉత్తరాది శత్రువులు, ఆ గుర్రాలవాళ్ళు, ఆ గోడ దాటి వచ్చి కాల్చాల్సినవి కాల్చి వెళ్ళిపోయారని ఈ పెంగ్‌చెంగ్ ఊరంతా విన్నది. యాన్‌షౌ గురించి మాత్రం ఎవరూ ఏమీ వినలేదు. కొడుకు కలలోకి వచ్చి తల పెట్టుకోడానికి చోటడిగాడని, ఏటా సమాధుల పనులు చేసుకునే, పొయ్యి వెలిగించని పండగ లోపల శవానికి బదులు అతని బట్టలు పెట్టి సమాధి కట్టేయాలని అత్తగారు పట్టుపట్టింది. సమాధి మీద మట్టి పడితే సుయూన్ విధవ. ఆ మర్నాడే ఆమె అన్నలు గాడిదబండి కట్టుకుని వస్తారు. మళ్ళీ పెళ్ళికి ఒక వెనిగర్ వ్యాపారిని అప్పుడే చూసి పెట్టుకున్నారు కూడా.

వెనిగర్ వ్యాపారికి సుయూన్ భయపడలేదు. యాన్‌షౌ చచ్చిపోయాడని ఈ ఊళ్ళో ఎవరైనా నోటితో అనగలరు. దాన్ని తెల్లపూత మీద నల్లరంగుతో వేసి ఇవ్వాల్సిన చెయ్యి ఒక్క తనదే. ఆమె భయమంతా అదీ.

పెంగ్‌చెంగ్‌లో తలగడ మీది బొమ్మని చూడరు, చదువుతారు. అందుకే తలగడ పగిలిన ప్రతిసారీ అత్తగారు బొమ్మనే తప్పుపట్టింది.

మొదటిది పులి. నిలువెల్లా పులి ఆకారమే, వీపు మీద తల పెట్టుకోవాలి, దయ్యాలు దగ్గరికి రావు. పగిలింది. "చిన్నప్పుడు పులిబొమ్మ చూస్తే పక్క తడిపేవాడు. నేనే మరిచిపోయాను" అంది అత్తగారు. రెండోదాని మీద కొంగలు వేయించింది. కొంగ అంటే నిండు ఆయుష్షు. అదీ పగిలింది. "పోయినవాడికి ఆయుష్షేమిటి, వెక్కిరించినట్టు కాదూ? వాడికి ఒళ్ళు మండి ఉంటుంది" అంది. మూడోసారి బాగా ఆలోచించి, తామరాకు గొడుగు పట్టుకున్న పిల్లాడిని వెయ్యమంది. తామరని పిలిచే మాటా, ఎడతెగకుండా అని చెప్పే మాటా ఈ ఊరి నోట్లో ఒకేలా పలుకుతాయి. తామర పట్టుకున్న పిల్లాడంటే ఒకడి వెనక ఒకడు కొడుకులు.

సుయూన్ పెళ్ళైవచ్చిన రోజున అత్తగారు ఆమెకి ఇచ్చింది కూడా అలాంటిదే, బోర్లా పడుకున్న పింగాణీ పిల్లాడు. వాడి వీపు మీద ఏళ్ళ తరబడి తల పెట్టుకుని పడుకుంది. వీపు నున్నబడింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

"ఇక్కడ లేకపోతే పోయారు, వాడికి అక్కడైనా పిల్లలుంటారు, వెయ్యి" అంది అత్తగారు. తను కనని పిల్లాడిని మొగుడి సమాధి కోసం సుయూన్ వేసింది. బుగ్గలు కాస్త ఎక్కువ గుండ్రంగానే వేసింది. తరవాత, ఎప్పటిలాగే, చెయ్యవలసిన ఇంకో పని చేసింది.

ఇప్పుడు ఆ బుగ్గల్లో ఒకటి పెరట్లో పరిచిన చాప మీద ఉంది. రెండోది కనిపించడం లేదు.

పొద్దున్న గంజి తాగడం అయిపోయింది. మావగారు అరుగు మీద బాతుల జంట వేసిన పెళ్ళి తలగడకి పరీక్ష పెడుతున్నాడు. అత్తగారు చాప మీద గొంతుకూర్చుని ముక్కలని ఒక్కొక్కటే తిప్పి చూస్తూ పేరుస్తోంది.

"ఏం చేస్తున్నారత్తయ్యా, చేతులు తెగుతాయి."

"తెగనీ."

"పారేస్తానివ్వండి."

"మొదటిదీ నువ్వే పారేశావు. రెండోదీ నువ్వే పారేశావు. నా చేతికి ఒక్క పెంకు చిక్కనివ్వలేదు." అత్తగారు తలెత్తలేదు. "ఇంట్లో చీపురు పట్టమంటే నడుము నొప్పి, ఈ పెంకులు ఎత్తిపొయ్యడానికి మాత్రం పరుగు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ముసలిదాన్నయ్యాను."

సుయూన్ గుమ్మంలోనే నిలబడిపోయింది. పారిపోవాలనిపించింది గానీ, ఎటు వెళ్ళినా మళ్ళీ వంటవేళకి రావాల్సిందే.

అత్తగారి చేతుల్లో తలగడ వెనకగోడ మెల్లగా లేచింది. పక్కముక్క దొరికింది. దాని పక్కముక్క అతికింది. పింగాణీ తలగడ లోపల డొల్ల. అన్ని పక్కలా మూసేస్తే లోపలి చెమ్మ మంటకి పొంగి దాన్ని బద్దలు కొడుతుంది. అందుకని వెనకగోడకి వెదురుపుల్ల మొనతో ఒక గాలి బెజ్జం పొడుస్తారు. పని నేర్చుకునేవాళ్ళకి మొదటిరోజు నేర్పేది అదే. ఈ తలగడకీ బెజ్జం ఉంది. అత్తగారు అందులో చిటికెనవేలు మొన పెట్టింది. వెళ్ళలేదు. ముక్కని కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంది. బయటినుంచి వేలితో నొక్కిన శనగగింజంత మట్టిబిరడా, కాలి రాయైపోయి, బెజ్జాన్ని పట్టుకుని ఉంది.

ఆమె దాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది.

"ఇది నీ బొటనవేలి ముద్రేనా?"

సుయూన్‌కి అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది. మంచి అబద్ధమే. కానీ ముద్ర అంత స్పష్టంగా పడ్డాక అది వాడినా దండగే.

"నాదే."

"మూడింటికీనా?"

"మూడింటికీ."

"కిందటిసారి పక్కపెట్టెలో వేరేవాళ్ళ పెళ్ళి తలగడ ఉంది. బాతులకి తలకాయలు ఎగిరిపోయాయి. తెలుసా?"

"తెలుసు. వేసిచ్చాను మళ్ళీ."

"మహా ఉపకారం చేశావు."

సుయూన్ వచ్చి చాపకి ఇవతల కూర్చుంది. దాచడానికి ఇక ఏమీ లేకపోయేసరికి మాట సులువుగానే వచ్చింది. "నేను వెయ్యనంటే మీరు ఊరుకోరు. వేస్తే, ఆయన పోయాడని నేనే రాసిచ్చినట్టే. ఆవం దాన్ని ఒప్పుకోకపోతే ఎవరినీ ఏమీ అనడానికి ఉండదు కదా అనుకున్నాను. పండగ దాటిపోతే వచ్చే ఏడాది దాకా సమాధుల జోలికి పోరు. ఏడాదిలో ఆయన రావచ్చు. పక్క మీద ఆయన తలగడ ఎక్కడిదక్కడే ఉంది. మీరే కదా, ఊరెళ్ళిన మగవాడి తలగడ కదపకూడదు అన్నది. దాని చుట్టూ దుమ్ము దులుపుతున్నాను గానీ దాన్ని కదిపానా ఎప్పుడైనా?"

అత్తగారు చెంప పగలగొడుతుందని ఆమె సిద్ధంగానే ఉంది. ఒక రకంగా ఎదురుచూసింది కూడా. అత్తగారి దెబ్బలకి ఒక పద్ధతుంది. కొట్టాక మూడుపూటలు మాట్లాడదు, నాలుగోపూట ఉప్పు ముల్లంగి ఎక్కువ వడ్డిస్తుంది, అక్కడితో అయిపోతుంది.

చెయ్యి లేవలేదు. అత్తగారు ఆ ముక్కని చాప మీద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, ఇంట్లోకి వెళ్ళింది.

రెండో తలగడ పగిలిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో పొద్దున్నే ఒక గిన్నె ఎక్కువ పడుతోంది. "వాడు సమాధి వద్దంటున్నాడేమోనే" అని గొణిగి, అత్తగారే మొదలుపెట్టింది. కొర్రగంజి నిండుగా పోసి, పైన వెనిగర్ చుక్కలు వేసి, తినే పుల్లలు గిన్నె పక్కన పడుకోబెట్టేది. పడుకోబెట్టిన పుల్లలు బతికున్నవాడికి. ఆ గిన్నె చూసినప్పుడల్లా సుయూన్ లోలోపల నవ్వుకునేది. అత్తయ్యని ఎలా తిప్పానో చూశావా అని యాన్‌షౌతో చెప్పుకునేది. గంజి చల్లారాక మావగారే తాగేసేవాడు, అదీ ఒక పరీక్షలాగే.

అత్తగారు ఆ గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది. చాప మీద, ముక్కల మధ్య పెట్టింది. పుల్లలు తీసుకుంది. రెండింటినీ గంజిలో నిలువుగా గుచ్చింది.

గంజి చిక్కగా ఉండటంతో అవి పడిపోకుండా నిలబడ్డాయి.

"తియ్యండి" అంది సుయూన్.

అత్తగారు తియ్యలేదు.

"అత్తయ్యా, తియ్యండి. చచ్చినవాళ్ళకి కదా అలా పెట్టేది."

"తెలుసు."

"తలగడలు నేను పగలగొట్టానని తేలితే, ఆయన పోయినట్టు తేలినట్టు కాదు. ఏమీ తేలలేదు. మీకెలా తెలుసు?"

"నాకు చలికాలం ముందు నుంచీ తెలుసు" అంది అత్తగారు. గిన్నె వైపే చూస్తూ చెప్పింది. "తెలిసి, నోరు మూసుకున్నాను. చెబితే నువ్వు విధవవి. మీ అన్నలు బండి కట్టుకొస్తారు. ఇంట్లో కుంచె పట్టే చెయ్యి ఇంకోటి లేదు. ఉన్న ఒక్కటీ క్యాబేజీలు వేస్తుంది. అందుకని మూసుకున్నాను. కానీ వాడు రోజూ కలలోకి వచ్చేవాడు. తలకింద రాయి గుచ్చుకుంటోందే అమ్మా అనేవాడు. ఎన్నాళ్ళు ఓర్చుకోను? పోతే పోనీ, కోడలు వెళ్ళిపోతే పోనీ, పిల్లాడికి తలకిందకి ఒక మంచి వస్తువు ఇచ్చి పంపుదాం అనుకున్నాను. అది పగిలింది. ఇంకోటీ పగిలింది." ఆమె ఒక పెంకుని గిన్నెకి దగ్గరగా జరిపింది. "అప్పుడు నాకు బుద్ధి తిరిగింది. నాకు కబురు చెప్పినవాడు అబద్ధం చెప్పాడు, నా కొడుకు బతికే ఉన్నాడు, అందుకే ఒప్పుకోవడం లేదు అనుకున్నాను. ఖాయం చేసుకోడానికే మూడోది చేయించి, అది కూడా పగలాలని ఆవం దేవుడికి మొక్కుకున్నాను, తెలుసా? నిన్న మూత తీసినప్పుడు నువ్వు నా మొహం చూసి ఉండాల్సింది. చూడలేదు, పెంకులు ఎత్తే తొందరలో ఉన్నావు. ఆ తొందర చూసే ఈసారి పెంకులు నేను లాక్కున్నాను."

సుయూన్‌కి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తను ఆడిన నాటకానికి ఇంట్లో ప్రేక్షకులు ఒక్కరే. ఆ ఒక్కరే దాన్ని మనసారా నమ్మారు. చచ్చిపోయాడని తెలిసిన తల్లికి కొడుకుని మళ్ళీ ఇచ్చి, ఇవాళ పొద్దున్న మళ్ళీ లాక్కుంది తను. అదీ శనగగింజంత మట్టితో.

అరుగు మీద గురక ఆగిపోయి ఎంతసేపైందో ఇద్దరూ గమనించలేదు.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు మావగారు. ఆయన లేవలేదు. కళ్ళు తెరిచి, వెల్లకిలా, బాతుల జంట మీదే తల పెట్టుకుని ఉన్నాడు.

"చెబితే నిద్రపోగలిగేవాడివా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "లేదు" అన్నాడు. వణికే చెయ్యి ఎత్తి కళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఎవరు చెప్పారు మీకు?" అంది సుయూన్.

అత్తగారు గడ్డంతో ఆవం వైపు చూపించింది.

ఆవం వెనకాల బొగ్గు గుట్ట దగ్గర పార చప్పుడు అవుతోంది. చలికాలం ముందు ఎక్కడినుంచో వచ్చి పని అడిగిన దౌ, ఆవంలో మంట చూసుకునే మనిషి. అడిగిన దానికి తప్ప పలకడు, పెట్టింది తింటాడు, ఎవరి కళ్ళల్లోకీ చూడడు. కొత్తవాడు, మొహమాటం అనుకుంది సుయూన్. ఎవర్నీ పనిలోకి తీసుకోని అత్తగారు అతన్ని మొదటిరోజే తీసుకుంటే, ముసలితనంలో మెత్తబడిందనుకుంది.

"వాడూ అదే గోడ దగ్గర పనిచేశాడు. నది ఒడ్డున నన్ను పట్టుకుని చెప్పాడు. గోడ కూలిందట. రాళ్ళు మీద పడ్డాయట. నొప్పి కూడా తెలిసి ఉండదు అవ్వా, కళ్ళముందే పోయాడు అన్నాడు. ఊళ్ళో తిరగనిస్తే ఎవరితో ఏం వాగుతాడో అని ఇక్కడ కట్టేసుకున్నాను."

సుయూన్ వింటూనే ఉంది గానీ ఆమె చూపు చాప మీది ముక్క దగ్గరే ఆగింది. మట్టిబిరడా. దాని మీద బొటనవేలి ముద్ర. తలగడని మట్టిపెట్టెలో పెట్టేవాడు వెనకగోడ మీద వేలు పెట్టి బెజ్జం తడిమి చూస్తేగాని పెట్టెలోకి దించడు. కళ్ళు మూసుకుని చేసినా అది మరవడు. ఈ ఆవంలో పెట్టెలు సర్దేది దౌ ఒక్కడే.

"అత్తయ్యా, దౌ అన్నకి ఈ బెజ్జాలు మూసి ఉన్నాయని తెలుసు."

"ఏమిటీ?"

"తెలియకుండా ఎలా ఉంటుంది? తడిమే కదా దించుతాడు. ఒక పుల్ల పెట్టి పొడిస్తే అయిపోయేది. మీతో చెప్పినా అయిపోయేది. మూడుసార్లూ చూసి, మూడుసార్లూ అలాగే మంటలో పెట్టాడు." ఆమె ముక్కని చేతిలోకి తీసుకుంది. "ఆయన పోవడం కళ్ళారా చూసినవాడు, ఆయన తలగడ ఎందుకు పగలనిచ్చాడు?"

అత్తగారి మొహంలో ఏదో వెలిగింది. ఆ వెలుగు చూడగానే సుయూన్ చూపు తిప్పేసుకుంది. ఇంకోసారి ఆ తల్లికి ఆశ ఇచ్చే పని తనే చేసింది. ఈసారి తనకి కూడా కొంచెం ఇచ్చుకుంది.

"ఒరే దౌ" అని పిలిచింది అత్తగారు. గట్టిగా పిలవలేదు. పార చప్పుడు మాత్రం ఆగిపోయింది.

అతను వచ్చాడు. బొగ్గు మసి కనుబొమల దాకా ఉంది. చాప మీద అతికించిన వెనకగోడని చూశాడు, పక్కన గంజిలో నిలబడ్డ పుల్లల్ని చూశాడు. అప్పుడు ఎవరూ చెప్పకుండానే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఈ బెజ్జం మూసి ఉందని నీకు తెలుసా?" అంది అత్తగారు.

"తెలుసు."

"మరి ఎందుకు పెట్టావు?"

దౌ చాప అంచుని సరిచేశాడు.

"దౌ అన్నా" అంది సుయూన్. గొంతు వీలైనంత మెత్తగా పెట్టింది, పిట్టని బెదరకుండా పట్టుకునేటప్పటిలాగా. "నిన్నెవరూ ఏమీ అనరు. ఆయన పోవడం నువ్వు చూశావా, చూడలేదా? అది ఒక్కటి చెప్పు చాలు."

"అతని సమాధి తలగడ నా చేత్తో పగలకుండా కాల్చి ఇవ్వలేకపోయానమ్మా" అన్నాడు దౌ. అది జవాబు కాదని అతనికీ తెలుసు. "మూసి ఉన్నది చూసి బతికిపోయాననుకున్నాను. మీరెవరో నా మీద దయతో మూశారనుకున్నాను."

"దయేమిట్రా, నాకు అర్థం కావడం లేదు" అంది అత్తగారు. "నీకెందుకు దయ? వాడు బతికున్నాడా? ఆ మాట అను. అంటే నీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఇంత వయసులో."

దణ్ణం మాట వినగానే దౌ మోకాళ్ళ మీదే వెనక్కి జరిగాడు.

"రాళ్ళు పడ్డమాట నిజం. నడుము దాకా పడ్డాయి. నడుము దాకానే" అన్నాడు. "దూరంగా దుమ్ము లేచింది. గుర్రాలవాళ్ళు వచ్చేస్తున్నారని అందరూ పరిగెత్తారు. నేనొక్కణ్ణి ఆ రాళ్ళు లాగలేను. ఒకటి లాగాను. రెండోది కదల్లేదు."

అరుగు మీద మావగారు లేచి కూర్చున్నాడు.

"మీకు అబద్ధం చెప్పాను, అవ్వా. నిజం చెబితే మీరు భరించలేరని కాదు, నేనే చెప్పలేక. తప్పు చేశాను. అతను పోయాడు కాబట్టి వదిలేసి వచ్చాననుకున్నారు మీరు." దౌ మసి చేతుల్ని తొడల మీద పెట్టుకుని, వచ్చిన తరవాత మొదటిసారి సుయూన్ కళ్ళల్లోకి చూశాడు. "నేను వచ్చేసేటప్పటికి అతను బతికే ఉన్నాడమ్మా. నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. విడిపించుకుని వచ్చాను."